వేలు తీస్తే ఆరిపోతోంది

హలో… హలో, కర్టిస్? ఆ, నేనే. అక్కని…

…లేదు, బయల్దేరలేదు. ఎలా బయల్దేరతాన్రా, వీధి తలుపే తెరుచుకోవట్లేదు. నడుమెత్తున మంచు. మీ డలూత్‌లోనూ ఇంతేనా?…

…ఆ మాట ఇప్పుడొద్దు. మీ బావ ఇక్కడే ఉన్నాడు, కుర్చీలో. తుంటి ఆపరేషనై పన్నెండు రోజులేగా, ఎక్కడికి పోతాడు…

…అందుక్కాదు ఫోన్ చేసింది. పొద్దున్నే కరెంటు పోయింది. ఇప్పుడు హాల్లో గ్యాస్ చలిమంట పొయ్యి కూడా ఆరిపోయింది. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరొస్తోంది. నీ బతుకంతా అవే బాగుచేశావుగా, చెప్పు…

…చేశాను. నాబ్ నొక్కి పట్టుకుంటే అడుగున చిన్న మంట వెలుగుతోంది. వేలు తీస్తే టప్పున ఆరిపోతోంది. ఆరుసార్లయింది…

…నిమిషం పట్టుకున్నాన్రా! మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు లెక్కపెట్టాను…

…ఆయనేనా? ‘వాడికెందుకు చేశావ్’ అంటున్నాడు. ఓర్లిన్, కాసేపు ఊరుకో, మా తమ్ముడు కాకపోతే ఈ మంచులో ఎవరు చెప్తారు… ఊఁ, నువ్వు చెప్పరా.

…గ్యాస్ కట్టేశా. మంట పక్కన రాగి పుల్లా? ఆ, కనబడింది. మసి పట్టిపోయింది. దానికి వేడి తగలకపోతే గ్యాస్ ఆగిపోతుందా?… గిన్నెలు తోమే స్టీలు పీచుంది, దాంతో రుద్దనా?…

…రుద్దుతున్నా. శుభ్రం చేయిద్దామని మూడు చలికాలాల్నుంచీ అడుగుతున్నానురా. నువ్వు ఈ గడప తొక్కడానికి వీల్లేదంటాడు. నువ్వేదో ఆయన పడవ మోటారు చెడగొట్టావట, పదమూడేళ్ళ కిందట…

…చెడగొట్టలేదులే, ఒప్పుకున్నా. …తళతళలాడుతోంది. వెలిగిస్తున్నా… ఇరవై… నలభై… అరవై. తీస్తున్నా…

…ఛ. పోయింది.

…మంట రంగా? పసుపు. నీలం కాదు. ఊపిరాడనట్టు కొట్టుకుంది…

…పొగ గొట్టం ఉత్తరం గోడలోంచే బయటికెళ్తుంది, వంటింటి కిటికీ పక్కన… అయ్యో. రాత్రంతా గాలి అటునుంచేరా. మంచు కప్పేసుంటుంది…

…విషవాయువు ఇంట్లోకి తిరిగిందేమోననా? తలనొప్పేం లేదు నాకు. ఓర్లిన్, నీకు తలనొప్పిగా ఉందా?… నేను నోరు తెరిచినప్పుడల్లా ఉంటుందట. అంటే బాగానే ఉన్నాడు.

…కట్టేశాన్రా, మళ్ళీ వెలిగించను. వంటింటి కిటికీ ఎక్కి దిగుతా… పార గ్యారేజీలో ఉండిపోయింది. కేకు పళ్ళెంతో తవ్వుతా.

…నాకు అరవై ఏళ్ళని నాకూ తెలుసు! మరెవరు దిగుతారు, ఈయనా? ఫోన్ కోటు జేబులో వేస్తున్నా, స్పీకర్‌లో ఉంది. పెట్టేయకు. ఓర్లిన్, కిటికీ మూసుకుపోతే చచ్చానే, సందులో కుర్చీ పెడుతున్నా!…

…అమ్మా!… ఏం కాలేదు. నడుం దాకా దిగబడ్డానంతే. గొంతు వినబడుతోందా?…

…గొట్టం జాడే లేదు. అంతా ఒకే తెల్లటి గోడ… ఇంకా కిందికా? తవ్వుతున్నా…

…ఆ. ఇప్పుడడుగు. ఇక్కడికి రాలేడు.

…లేదు, వెళ్ళిపోతున్నానని చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే పన్నెండు రోజులు. సూట్‌కేసు కారులో పెట్టి నాలుగు రోజులైంది. బల్ల మీద చీటీ పెట్టి వచ్చేద్దామనుకున్నా…

…ఎందుకంటే ఏం చెప్పను? కొట్టాడా, తిట్టాడా? ఎవరూ రాకూడదు, నేనెక్కడికీ పోకూడదు, అంతే. అమ్మని పూడ్చిన రోజున నీ పక్కన ఒక్క రాత్రి కూడా ఉండనివ్వలేదు, గుర్తుందా? కోటు తెచ్చి నా చేతిలో పెట్టి, కారులో కూర్చున్నాడు. ముప్ఫయ్యారేళ్ళురా. జూలైలో కూడా నాకు తలుపు బయట మంచున్నట్టే ఉంటుంది…

…ఏడవట్లేదు. చలికి ముక్కు కారుతోంది.

…ఆగాగు. ఇనుము తగిలింది! గొట్టం మూతికున్న జల్లెడంతా గడ్డకట్టేసింది… కొడుతున్నా… ఊడింది! లోపల్నుంచి వెచ్చటి గాలి వస్తోంది. చుట్టూ తీసేస్తున్నా… సరే, వెనక్కి వెళ్తున్నా…

…కర్టిస్.

…ఏంలేదు. మీ బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన నడక చట్రం పట్టుకుని.

…ఎంతసేపట్నుంచో తెలీదు. కిటికీ తెరిచే ఉందిగా… వినే ఉంటాడు. చెయ్యి చాపుతున్నాడు. ఓర్లిన్, నువ్వు లాగకు, కుట్లూడతాయి. నేనే ఎక్కుతా…

…ఆ, లోపలే ఉన్నా. నా చేతి తొడుగులు గడ్డకట్టుకుపోతే విప్పుతున్నాడు…

…నువ్వు ఆగమన్న ఐదు నిమిషాలైంది. వెలిగిస్తున్నా. నీలం. నిటారుగా ఉంది… నలభై… యాభై… తీశాను.

…ఉంది. ఉందిరా, ఉంది! పెద్ద మంట కూడా అంటుకుంది.

…అడుగుతున్నాడు. ‘ఎప్పుడు వెళ్తున్నావ్’ అని… లేదు, అరవలేదు. మామూలుగానే.

…మూడింటికి రోడ్డు తెరుస్తారా? వద్దు, ఇవాళ రాకు… ఆగిపోవడం కాదు కర్టిస్, విను. బాత్రూముకి కూడా ఒక్కడే వెళ్ళలేని మనిషి. గురువారం వాళ్ళ చెల్లెలు ఐరీన్ వస్తుంది. ఆమెకప్పగించి వస్తా. చీటీ గీటీ లేదు. పట్టపగలు, వీధి తలుపులోంచి…

…ఒట్టు. గురువారం పదింటికి.

…ఇంక పెట్టేస్తా. మంట ముందు కూర్చుని నా మొహంలోకే చూస్తున్నాడు. ముందు ఈయనకి జవాబు చెప్పాలి.