ఆరోగ్యవంతులు పన్నెండుమంది

రాయ్‌పూర్‌లో ఒక జన్యు పరిశోధనశాల. సికిల్‌సెల్ జబ్బు మీద కల్యాణి రాస్తున్న థీసిస్‌కు రక్తం నమూనాలు తెచ్చిపెట్టేది అచ్చయ్య, ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సర్‌గా రిటైరైనవాడు. మధ్యాహ్నమైంది. ఇద్దరి టిఫిన్ డబ్బాలూ మూతలు తీయకుండానే ఉన్నాయి.

"లెక్క బాగా వచ్చిందన్నావు గదా తల్లీ, మరి ముఖం అలా పెట్టేవేటి?"

"మరీ బాగా వచ్చింది బాబాయ్."

"బాగా వస్తే ఏడుస్తారేటి ఎవులైనా!"

"వినండి. నేను చూస్తున్న జన్యువు ఆరోగ్యవంతుల్లోకంటే జబ్బున్నవాళ్ళలో రెండున్నర రెట్లు ఎక్కువ పనిచేస్తోంది. కానీ ఆ ఒక్క అంకె చాలదు. అసలు విలువ ఎంత నుంచి ఎంతదాకా ఉండొచ్చో కూడా రాయాలి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు."

"అంకె చాలన్నారు గదా మీ గైడు సారు?"

"సార్ అంటారు. హద్దులు చెప్పకుండా అంకె ఒక్కటే నేనివ్వను. జబ్బున్నవాళ్ళ హద్దులు ఇంత వెడల్పు వచ్చాయి. మనుషులన్నాక ఎవరి ఒళ్ళు వాళ్ళది. మీరు తెచ్చిన పన్నెండుమంది ఆరోగ్యవంతుల్లో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు."

"అంతా మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీవోళ్ళే గదా. ఒకే నీళ్ళు, ఒకే బియ్యం."

"కవలలక్కూడా ఇంతలా కలవదు."

"మిషన్ గడ్‌బడ్ అయ్యుంటాది."

"మిషన్‌కేం కాలేదు. ఆరుగురు ఆడవాళ్ళన్నారు. ఆడవాళ్ళ రక్తంలోనే గట్టిగా పనిచేసే జన్యువొకటుంది. ఒక్క ట్యూబులోనూ అది పనిచెయ్యలేదు."

"ముందు తిను తల్లీ."

"ఈ ట్యూబు మీదున్న సరోజిని ఎవరు బాబాయ్?"

"చల్లారిపోతాది, తిను."

"సరోజిని ఎవరు?"

"మా ఇంటిది."

"ఆవిడ పోయారు కదా!"

"పోయింది. ట్యూబు మీద ఏదో పేరు రాయాల గదా. చెయ్యి అదే రాసీసింది."

"మరి అమ్మిరాజు?"

"పక్క క్వార్టరోడు. ఎప్పుడో పలాస ఎల్లిపోనాడు."

"అంటే... అన్నీ..."

"నావే. రోజు మార్చి రోజు తీసుకున్నాను. ఎడంచెయ్యి చూడు, ఎలా కమిలిపోనాదో. నాకే జబ్బూ నేదు తల్లీ, ఆ మాట మాత్రం అబద్ధం కాదు."

"ఒక్క మనిషినే పన్నెండుసార్లు కొలిచాను! చూసుకోకుండా ఇచ్చేసి ఉంటే ఇన్నేళ్ళ పని బూడిదయ్యేది. ఎందుకిలా చేశారు?"

"గుమ్మం గుమ్మం తిరిగేను. పాతోళ్ళు ఒక్కరూ నేరు. 'కౌన్ అచ్చయ్య?' అన్నారు. ఎవులూ చెయ్యి చాపలేదు."

"నాతో చెప్పాల్సింది. నేనే ఎవరినో ఒకరిని తెచ్చుకునేదాన్ని!"

"నీకే ఎవులైనా ఉంటే, నన్నెందుకు పంపుతావు తల్లీ అనుకున్నాను."