రాజరత్నం లారీకి ఏమీ కాలేదు

హలో… హలో… ఆ, నేనే, రాజరత్నాన్నే. నంద్యాల నుంచే. ఎవురూ?… ఇస్సాకా! రేయ్, ఈపాటికి నువ్వు లారీతో దొర్నిపాడులో ఉండాల్సినోడివి. యాడుండావ్?

…ఆళ్లగడ్డ పోస్టాఫీసులోనా? డ్రైవరుకు ఆడేం పని? ఉత్తరాలు పంచుతాండావా?

…ఏందీ? గట్టిగా చెప్పు, ట్రంకు కాలు… లారీ ఆపేసినావా! ఎవుర్నడిగి ఆపినావ్? కొత్త చర్చిలో బేతంచెర్ల బండలు పరిపిస్తానని పాస్టరుకు మాటిచ్చినా. మేస్త్రీలు ఆడ కాసుకోనుండారు!

…సద్దా? ఎట్లాంటి సద్దు?… ఇంజను కింద నుంచి దబ్ దబ్ మంటాందా. ఆక్సిలేటరు తొక్కితే ఎక్కువైతాందా. తొక్కితే ఎక్కువ కాక తక్కువైతాదా? తొక్కొద్దు. మెల్లగా పో.

…శిరివెళ్ళ దాటినాక మొదులాయనా? ఆ రోడ్డట్లాంటిదిలే. సద్దు రోడ్డుది. ఇంజనుది కాదు.

…ఆయిల్ ప్రెషరు ముల్లా?… సున్నా మీదికి పడిపాయనా. పడనీ. పాత లారీ, ముల్లుకూ వయసొచ్చింది. పండుకోనుంటాది. అద్దం మీద వేలితో ఒగ పోటు పొడువు, లేస్తాది.

…పొడిచినావా.

…లేయలేదా.

సరే, ముల్లు సంగతి ఇడ్సిపెట్టు. ఎర్రలైటు వెలిగిందా?… వెలగలేదు కదా! ప్రెషరు నిజంగా పోయింటే ఎర్రలైటు రావాల. రాలేదు. అంటే ఇంజను బాగుండాదనే కదా—

…ఆ. బల్బు పీకింది నేనే. మొన్న. ఊరూరికే వెలిగి నిన్ను భయపెడతాందని పీకినా. నీ మంచికే రా!

…ఆయిలు చూసినావా?… నిండుగా ఉండాదా? ఇంగేం! ఆయిలుండాది, లైటు లేదు. రోగమే లేదు.

…ఆయిల్లో మెరుపులా? వేలికి అంటుకుంటాండాయా? ఇత్తడి పొడి మాదిరా?… మంచిదే కదా, మెరవనీ. నల్లగుండేదానికంటే మేలు.

…మెకానిక్కు నారాయణను పిలిపించినావా! ఏమంటాడు?… లోపల బేరింగులు అరిగిపోయి, ఆ పొడే ఆయిల్లోకి వచ్చిందంటాడా. కింద ఆయిల్ చాంబరు దించి చూడాలంటాడా. వాడు సైకిలుకు గాలి కొట్టమన్నా చాంబరు దించల్లనే చెప్తాడు! నాకు చెవుల్లేవా? నువ్వు పోయి స్టార్ట్ చెయ్, ఎవురితోనన్నా ఈ ఫోను కిటికీ తట్టు పట్టించు. నేను ఇంటా.

…ఆ… ఇనపడతాండాది… టక్కు… టక్కు… టక్కు… ఎంత వరసగా కొడతాందిరా! కుట్టుమిషను మాదిరి. ఈ ఇంజనుకా రోగమనేది!

…ఏందీ? ఇంకా స్టార్టే చెయ్యలేదా? మరి ఆ సద్దేంది?

…ఉత్తరాల మీద ముద్దర కొట్టేదా.

…సరేలే. పోస్టాఫీసు బాగానే నడుస్తాండాది.

ఇస్సాకూ, ఆఖరి మాట. ఎక్కు. తోలు… తోలవా? పోతాపోతా ఇంజను పట్టేస్తే చక్రాలు నిలబడిపోయి, బండలన్నీ వెనకనుంచి నీ మీదికొస్తాయా? రేయ్, దేవుని బండలు రా అవి, ఎవుర్నీ చంపవు! ప్రార్థన చేసుకోని స్టార్ట్ చెయ్. ఆ మాత్రం నమ్మకం లేనోనికి స్టీరింగు ఎందుకు? తాళం ఆడ పెట్టి దిగిపో. నీ మాదిరి డ్రైవర్లు నంద్యాల బస్టాండులో కుప్పలు—

…హలో? ఎవురూ?

…సారమ్మా?

నువ్వాడేం చేస్తాండావే? పుట్టింటికి పోయి మీ నాయనను చూసొస్తా, బస్సుకు పోతా అంటివి కదా?… బస్సు తప్పిపాయనా. మన లారీనే ఎక్కితివా… ముందర, ఇస్సాకు పక్కన… ఆ బండల ముందర.

…అంతా ఇన్నావా.

…లేదు లేదు! తోలమని ఎవురన్నారు? ఆపమనే కదా నేను మొత్తుకుంటాండేది! బల్బా?… అది… తుడుద్దామని పీకినా.

…ఆ… ఆ… దించమను. చాంబరు దించమను. నారాయణ మంచోడు, నాకు ముందునుంచీ తెలుసు… బేరింగులు ఈడ తీసుకోని నేనే బస్సుకొస్తా… బేగా వస్తా… బండలు ట్రాక్టర్లలో పంపుతాండావా. పంపు. పాస్టరుకు ఏం చెప్పేది?… ఉన్నదున్నట్టే చెప్తావా.

…చెప్పు.

…ఏందీ? ఇస్సాకుకా? నేనా?… సారమ్మా, ఓనరు పోయి డ్రైవరుకు తప్పయిందప్పా అని చెప్పేది యాడన్నా ఉండాదా?… ‘నేను చచ్చిపోయింటే ఎవురికి చెప్తాంటివి’ అని నువ్వడిగితే నేనేం చెప్పల్ల…

…ఇయ్యి. ఫోను వానికియ్యి… ఆయప్పకియ్యి.

…ఇస్సాకప్పా… అదేందంటే… పొద్దున్నుంచి నాకు మనసు బాగలేక… కాదు, మనసు బాగానే ఉండాది… నేను చెప్పేదేందంటే… తప్… నువ్వు బువ్వ తింటివా, లేదా?

…హలో?… ఇస్సాకప్పా?

…ఎవురమ్మా, ఎక్స్ఛేంజా? చూడు తల్లీ, ముఖ్యమైన మాట చెప్తాంటే లైను పాయ…

…పోలేదా?

…ఆయప్పే పెట్టేసినాడా.