ముతక ఓణీ

ఆ రోజు ఇంట్లో అమ్మ, అత్త, అక్క, నేను ఉన్నాం. అక్కకు పెళ్లిచూపులు. తన పక్కన కూర్చోవడానికి నేను కూడా పట్టు ఓణీ వేసుకున్నాను.

"తీసేయే పాపా! నల్లటి ఒంటికి నిగనిగలాడే పట్టు నప్పదు. ముతక నూలుదైతే కంటికి ఆనదు," అంది అత్త.

"పుట్టు నలుపు కాదు వదినా," అంది అమ్మ. "చెనిక్కాయ చేన్లో కలుపు తీసి ఎండకు కమిలింది."

"మరి పెద్దది కమల్లేదే?"

"చూపులుండాయని దాన్ని పంపలేదు. దాని వంతు సాలు కలుపు కూడా ఇదే తీసింది."

"మంచి పని చేసినావు. దాని మీద పట్టు ఎట్లా మెరుస్తాండాదో చూడు."

"ఇదీ ఒకపక్కన కూర్చోనీ వదినా."

"ఈ నలుపు చూస్తే పెద్దదాని తెలుపంతా పౌడరే అనుకుంటారు."

వీధిలో ఆటో ఆగింది. అమ్మ ముతక ఓణీ నా చేతిలో పెట్టి, "లోపలే ఉండు తల్లీ" అంటూ తనే తలుపు మూసింది.