మధ్యాహ్నం మేత

రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. కంకిపాడులో కోళ్లఫారం పక్కనే ఉన్న అత్తవారింట్లో, అరకు చలిలో పెరిగిన కొత్తల్లుడు విస్తరి ముందు కూర్చున్నాడు. అత్తగారు వడ్డిస్తున్నారు. కిటికీలోంచి కోళ్ల షెడ్డు కనబడుతోంది.

"అత్తయ్య గారూ, షెడ్డు చుట్టూ ఆ తడి గోనెపట్టాలు ఎందుకండీ?"

"వడగాలి కొట్టకుండా బాబూ. మీ వైపు కట్టరా?"

"మా వైపు కోడిపిల్లలు చలికి ముడుచుకుపోకుండా బల్బులు వేలాడదీస్తామండీ. మేత కూడా ఎక్కువే వేస్తాం. ఇక్కడేంటి, మేత డబ్బాలు అందకుండా పైకి కట్టేశారు?"

"చల్లబడ్డాకే దింపుతాం. ఇంకో గారె వేసుకోండి."

"పాపం, ఆకలెయ్యదూ?"

"ఆకలికి చావదు బాబూ. ఈ ఎండలో కడుపునిండా తిన్న కోడి, లోపలి వేడీ బయటి వేడీ కలిసి ఉన్నపళంగా పడిపోతుంది. ఈ పులుసు పోయించుకోండి."

"మా అరకులోలా పెరట్లో క్యాబేజీ వెయ్యలేదేం?"

"ఈ వేడికి గడ్డ కట్టదు, ఆకులు విప్పుకుని కూర్చుంటుంది. వేసవిలో మాకు బీర, దోసే. అయ్యో, మీకు బీరకాయ పచ్చడి వెయ్యనే లేదు!"

అతను విస్తరి వంక చూసుకున్నాడు. ఇంకా పెరుగు దాకా రాలేదు. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది.

"మరి నాకెందుకండీ ఇంత పెడుతున్నారు?"

అత్తగారు గరిటెడు పచ్చడి వేశారు.

"కోడికి పెట్టకపోతే ఎవరూ అడగరు బాబూ. అల్లుడికి పెట్టకపోతే ఊరంతా అడుగుతుంది."

"అయితే ఆ తడి గోనె ఒకటి నాక్కూడా కట్టించండి."