బతికున్న దేవీప్రసాద్ గారికి అశ్రునివాళి

"ఏటమ్మా ఇది? మనిషి బతికుండగానే సంపీత్తారేటి?"

"కూర్చోండి సార్. కాఫీ తాగుతారా?"

కొండ మీది డిగ్రీ కాలేజీలో స్టాఫ్ రూము అది. ఇంగ్లిషు చెప్పే పాంగి గంగ బల్ల ముందు, కింద మండలాఫీసు నుంచి రొప్పుతూ వచ్చిన గుమాస్తా దేవీప్రసాద్ నిలబడ్డాడు. పోయినవాడికి ఉండవలసిన నిదానం ఆయనలో ఏ కోశానా లేదు.

"కాఫీ ఏటి కాఫీ! సంత కాడ సూసినాను, స్టేషన్ కాడ సూసినాను, టైడా మలుపులో కూడా కట్టీసినారు. నా ఫోటో, దానికో దండ, అటో పావురం ఇటో పావురం. 'దేవీప్రసాద్ గారికి అశ్రునివాళి' అట! కింద 'ఇంగ్లిషు శాఖ విద్యార్థులు' అట!"

"అయిదు ఫ్లెక్సీలు సార్. మీరు మూడే చూశారు. పాఠంలో భాగం అది."

"పాఠమా?"

"పద్దెనిమిదో శతాబ్దం ఇంగ్లిషు సాహిత్యం. అందులో వ్యంగ్యం. అప్పట్లో లండన్‌లో పంచాంగాలు అచ్చేసుకుని బతికే ఒకాయన ఉండేవాడు. ఫలానా పెద్దమనిషి పోతాడు, ఫలానా దొర పోతాడు అని ఏటేటా రాసేవాడు. ఒక రచయితకి ఒళ్ళు మండింది. దొంగపేరు పెట్టుకుని తనూ జోస్యం అచ్చేశాడు. ఫలానా రోజున ఆ పంచాంగమాయనే జ్వరమొచ్చి పోతాడని."

"పోయాడా?"

"పోలేదు. ఆ రోజు గడిచీ గడవగానే 'పోయాడు' అని ఇంకో కరపత్రం వచ్చింది. కబుర్లన్నీ పుట్టేది కాఫీ హోటళ్ళలోనే సార్ అప్పుడు. ఓ కప్పు కొనుక్కుంటే పొద్దస్తమానం కూర్చుని పేపర్లన్నీ చదవొచ్చు, నోటికొచ్చింది వాగొచ్చు. ఆ మగమహారాజులంతా కలిసి ఆయన్ని పాతిపెట్టేశారు. 'నేను బతికే ఉన్నాను' అని పాపం ఆయన అచ్చేయించుకున్నాడు. ఇంత చెత్త బతికున్నవాడెవడూ రాయడు, కాబట్టి పోయినట్టే అన్నారు."

"అయ్యో, పాపం!"

"పాపం అనిపించిందా సార్ మీకు?"

"అనిపించదా మరి? ఉండు, ఫోన్... అలో. అత్తా, ఏడవకే! నేనే. నేనేనే! నా గొంతు తెల్దా నీకు? రికార్డింగేటి, మనిషినే మాటాడతన్నాను! బస్సెక్కకు. పాచిపెంటలోనే ఉండు. దండలూ గిండలూ తేకు! ... సూసినావా? ముసిల్ది గుండె పగిలి సచ్చేటట్టుంది. దింపించీ. బేగి దింపించీ."

"దింపిస్తాను. బతికున్నట్టు కాగితం తెచ్చారా?"

"ఏటీ?"

"బతికున్నట్టు కాగితం."

"నీ ముందర నిలబడ్డాను కదే గుంటా! కళ్ళు కనిపించట్లేదా?"

"నిలబడితే సరిపోదు. సిస్టంలో ఉండాలి."

"ఇదేటి ఎటకారం?"

"మీ మాటే సార్. మూడేళ్ళ కిందట మీ కిటికీ ముందు నిలబడ్డ మా అమ్మతో మీరన్న మాట. పాంగి సోములమ్మ."

"సోములమ్మ... నువ్వు ఆ సోములమ్మ కూతురివా?"

"ఆ సోములమ్మ అంటే ఏ సోములమ్మ? మా ఊళ్ళో ముగ్గురు. సోమవారం పుడితే సోములమ్మ, శుక్రవారం పుడితే సుక్రు. వారాన్ని బట్టి పేరు పెట్టుకుంటాం. పోయింది దిగువ వీధి సోములమ్మ. పోయిందని రాసి మీరు పేరు కొట్టేసింది మా అమ్మని."

"నాకేటి తెలుసు? పేరొకటే, ఇంటిపేరొకటే..."

"కొండెక్కి చూస్తే తెలిసేది."

"ఆ కొండెవుడు ఎక్కుతాడమ్మా? నాకు మోకాళ్ళ నొప్పులు."

"అమ్మకి లేవా? ముప్పై ఏళ్ళు కాఫీ పళ్ళ బుట్ట మోసిన మోకాళ్ళు. వాటితోనే నాలుగుసార్లు దిగింది. 'బతికే ఉన్నాను బాబూ, నన్ను సూడు' అంది. మీరేమన్నారు?"

"దిద్దితే తప్పు నా మీదకొస్తాది. మెమో ఇస్తారు. నాకింకా సర్వీసుంది, పిల్లలున్నారు..."

"అది కాదు. ఆ రోజు ఏమన్నారు?"

"గుర్తు లేదు."

"'దెయ్యం దిగొచ్చిందిరో' అన్నారు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఎందుకో తెలీక అమ్మ కూడా నవ్వింది. దారంతా నన్నడుగుతూనే ఉంది, వాళ్ళెందుకు నవ్వినారే అని. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి మీ పేరు తలుచుకోకుండా నేను పడుకున్నది లేదు."

"సరదాకి అనుంటాను."

"నాదీ సరదాయే సార్. పావురాలు కూడా పెట్టించాను."

"పోలీసులకి సెప్తాను!"

"చెప్పండి. ఏమని రాయిస్తారు? బతికున్నవాడిని పోయాడని రాసినవాళ్ళ మీద కేసు పెట్టమనా? నేనూ వస్తాను, నాకూ అదే కేసు కావాలి."

"వొద్దులేమ్మా, కేసులెందుకు."

"కాఫీ చల్లారిపోతోంది. అమ్మ తోటదే. లండన్‌లో ఆ పెద్దమనుషులు కప్పులో కలుపుకున్న చక్కెర సముద్రం అవతల బానిసలు పండించింది సార్. ఆ బానిసల్లో ఎవరున్నారో, ఎవరు పోయారో ఈ దొరలు అడగనైనా లేదు. మీరే నయం. రాసిపెట్టారు, బతికున్నవాళ్ళని కూడా."

"నీకేటి కావాలి సెప్పు."

"ఇదిగో తెల్ల కాగితం. మీ చేత్తో రాయండి. 'పాంగి సోములమ్మ పోయిందని నేను రాసింది తప్పు. కొండెక్కి చూడలేదు. ఆమె నాలుగుసార్లు నా ఎదటికొచ్చి నిలబడినా దిద్దలేదు.'"

"నాలుగుసార్లని ఎందుకు? 'వచ్చి సెప్పినా' అంటే సాలదా?"

"నాలుగుసార్లు."

"పేరొకటే అవడం వల్ల పొరపాటు పడ్డానని రాత్తాను..."

"ఫోన్ మోగుతోంది సార్. మీ అత్తగారు బస్సెక్కేశారేమో."

"రాత్తన్నాను, రాత్తన్నాను! ... నాలుగు... సార్లు... ఇదిగో. సంతకం, తేదీ. సాలా?"

"చాలు. ఫోటో తీసుకున్నాను. ఫ్లెక్సీలు కట్టిన మా క్లాసు పిల్లలకి కూడా పంపించేశాను."

"నేను మరీ రాచ్చసుణ్ణి కాదమ్మా. సోమారం మీ అమ్మని తీసుకురా. కిటికీ కాడ నిలబెట్టను, లోపల కుర్సీ ఏసి కూకోబెడతాను. ఒక్క వేలిముద్ర ఏసిందంటే మళ్ళీ బతికొచ్చేత్తాది."

"రాదు సార్."

"మోకాళ్ళేనా? ఆటో పంపిత్తాను."

"పోయిన నెల కడుపులో గడ్డ అన్నారు. ఉచిత వైద్యం కార్డు పెడితే మిషన్ తీసుకోలేదు. ఈ మనిషి పోయి మూడేళ్ళయిందని చూపించింది. నేను గెస్ట్ లెక్చరర్ని. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి డబ్బు పోగుచేసుకొచ్చేసరికి..."

"అంటే... ఎప్పుడమ్మా?"

"ఇయ్యాలకి పదకొండో రోజు. పోయినట్టు కాగితం ఇమ్మని మీ ఆఫీసుకొచ్చాను. ఆ రోజు మీరు లేరు. ఒక మనిషికి రెండుసార్లు ఇవ్వరట."

"ఆ కాగితం... ఆ కాగితం ఇలా ఇయ్యమ్మా. కూకుని మాటాడుకుందాం. గంగమ్మా, నా మాటిను. ఆ ఫ్లెక్సీలు..."

"దింపిస్తాను సార్, అయిదూ ఇప్పుడే. మాటిచ్చాను కదా. కర్రలు మాత్రం ఉంచమన్నాను. పొద్దువాలేలోగా అమ్మ ఫోటో కడతారు. దాని కింద మీరు రాసిన కాగితం, మీ దస్తూరీతోనే, అంతెత్తున."