పరుశురాం కొన్న ఇయర్‌ఫోన్లు

తార్నాక చౌరస్తల లక్ష్మయ్య చాయ్ హోటల్. రోడ్డు దిక్కు మొఖం పెట్టి బెంచి మీద కూసున్నడు పరుశురాం. ఎనిమిదేండ్ల సంది యూనివర్సిటీల ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తనే ఉన్నడు. పక్కన హాస్టల్ తమ్ముడు నరేందర్. మొన్నటి లెక్చరర్ ఇంటర్వ్యూ ఏమైందన్నా అని అడిగిండు, గంతే.

"చెప్త తమ్మీ, చెప్త. ముందుగాల గీ ఇయర్‌ఫోన్ల ముచ్చట ఇను, ఇది ఇనకుంటె అది సమజ్ గాదు. వారాసిగూడ నుంచి క్యాంపస్‌కు రోజు బస్సుల వస్తగదా, నోట్స్ అంత నా గొంతుతోనే క్యాసెట్లల్ల నింపిన, పద్దెనిమిది క్యాసెట్లు. బస్సెక్కి వాక్‌మన్ పెడితే ఏం లాభం, డిమాండ్ లేదు సప్లై లేదు, అంత 'జరగుండ్రి జరగుండ్రి, టికెట్ టికెట్'. ఇగ కోఠికి పోయిన. దుకాణపాయన పెద్దయి తీసిండు, చెవికొక స్పంజి బోండా. భాయ్, ఇవి పెట్టుకోని ఫుట్‌బోర్డు మీద నిలబడితే పక్కోని మోచెయ్యి తగిలి మెడల పడ్తయ్ అన్న. చిన్నయి తీసిండు, అంగి గుండీలంత. అవి సందు ఇడుస్తయ్, ఆ సందులకెల్లి కండక్టర్ దూరుతడు అన్న. నాకు జేబుల పట్టాలె, చెవి మొత్తం మూయాలె. నలభై జతలు చూసిన! ఒక్కొక్కటి పెట్టుకునుడు, 'భాయ్, జర ఆ స్టూల్ మీద స్పానర్‌తోని కొట్టు' అనుడు. ఆఖరికి డబ్బ అడుగుకెల్లి గివి తీసిండు. చూడు, కొసలకు మెత్తటి రబ్బరు. చెవుల ఒత్తితే సీసకు బిరడ పెట్టినట్టు కూసున్నయ్. ఆయన కొడుతున్నడు, నాకు ఇనపడలే. ఇంక గట్టిగ కొట్టిండు. స్టూల్ ఇరిగింది, ఇనపడలే!"

"స్టూలే ఇరిగిందా అన్నా?"

"రెండు ముక్కలు. కావాలంటె పోయి అడుగు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ముషీరాబాద్‌ల పెండ్లి బరాత్ అడ్డమొచ్చింది. మర్ఫా డప్పులు కొట్టేటోళ్లు ఇరవై మంది. ఒకాయన ఢోలు నా చెవి పక్కనే పెట్టి వాయిస్తున్నడు. నేను చెయ్యితోని సైగ చేసిన, ఆగినవేంది భాయ్, వాయించరాదు అని. పాపం ఆయన కట్టెలు కింద పారేసి ఏడ్సిండు."

పొయ్యి దగ్గర లక్ష్మయ్య నవ్విండు. "గప్పాలు కొట్టకు సారూ."

"గప్పాలా? మరి రైలు సంగతి ఇను లక్ష్మన్నా! క్యాంపస్ పక్కన పట్టాలున్నయ్ గదా, వాటి మీదనే నడుసుకుంట రివిజన్ చేస్తున్న. ఎనకకెల్లి గూడ్స్ బండి. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి, ఆ హారన్ కాలిపోయిందంటె నమ్ము. ఇంజన్ దిగి నా ఎనక నడుసుడు మొదలువెట్టిండు, 'సార్, జర పక్కకు జరుగుండ్రి సార్' అని. ఆయన ఎనక నలభై రెండు డబ్బాలు."

"డ్రైవర్ దిగినంక బండి ఎట్ల నడిచిందయ్యా?"

"మర్యాద తెలిసిన బండి లక్ష్మన్నా, మెల్లగ నడిచింది. క్యాసెట్ అటు దిక్కు అయిపోయేదాంక."

నరేందర్ చాయ్ గిలాస కింద పెట్టిండు. "అన్నా, ఇంటర్వ్యూ."

"వస్తున్న గదా, తొందరేంది! అంబర్‌పేట్ కాలేజీ వరండాల డెబ్బై మందిమి కూసున్నం. సర్టిఫికెట్లు లోపటికి తీసుకపోయిన్రు, పేరు పిలిచినోళ్లే ఇంటర్వ్యూకు అన్నరు. ఒక్కటే పోస్టు. నాకు వచ్చే నెలకు వయసు దాటుతది, ఆ తర్వాత నా అప్లికేషన్ ఎవ్వడు చేతుల పట్టుకోడు. ఆఖరిసారి రివిజన్ చేద్దామని గివి చెవులల్ల ఒత్తుకున్న. ఇగ చూస్కో! పరుశురాం అని పిలిచిన్రు. నాకేం ఇనపడ్తది? ప్రిన్సిపాలే బయటికొచ్చి పిలిచిండట. మైకు తెప్పిచ్చిన్రట. వినాయక నిమజ్జనానికి కట్టే సౌండ్ బాక్సులు కట్టిన్రట. పరుశురాం, పరుశురాం! గోడల సున్నం రాలింది. మార్కెట్ల కూరగాయలమ్మేటోళ్లు కూడ లొల్లి, 'ఎవడమ్మా ఆ పరుశురాం, జల్ది పంపుండ్రి, ఆ సార్లు ఒర్రి ఒర్రి సచ్చేటట్టున్నరు' అని. నేను కండ్లు మూసుకోని మార్జినల్ యుటిలిటీ ఇంటున్న. తీసి చూసేటాల్లకు పొద్దుమీకి అయిదైంది. అందరు పోయిన్రు. గింత మంచివి కొన్నందుకు నౌకరి పోయిందిరా నరేందరూ! ఇంటికి పోయి భాగ్యకు గదే చెప్పిన. నా పెండ్లాం ఎంత మంచిదంటె, ఒక్క మాట అనలే. 'పోనియ్యి, ఇంకోపారి చెవులు తెరిసి కూసో' అన్నది."

పరుశురాం ఒక్కడే నవ్విండు.

"సారూ." పొయ్యి పక్కన నిలబడి చాయ్ తాగుతున్న మనిషి, ఖాకీ అంగి. ఇప్పటిదాంక పరుశురాం ఈపు ఎనకనే ఉన్నడు. "నా పేరు సామేలు. ఆ కాలేజీల అటెండర్ను. పేర్లు పిలిచింది నేనే."

పరుశురాం తిరిగి చూసిండు. గుర్తువట్టిండు.

"పదకొండు పేర్లు సార్. మీది లేకుండె. మైకు లేదు, ఏం లేదు. మీ చెవులల్ల కూడ ఏం లేకుండె. నేను ఒక్కొక్క పేరు పిలుస్తుంటె మీరు లేసి నిలబడుడు, మల్ల కూసునుడు. పదకొండు సార్లు."

నరేందర్ తల వంచుకున్నడు. పరుశురాం ఇయర్‌ఫోన్ల వైరును ఏలుకు చుట్టుకుంట అడిగిండు, "పేర్ల కాగితం ఎనక దిక్కు చూసినవా?"

"చూసిన సార్. అందరు పోయినంక మీరొక్కరే కూసున్నరని నా పానం ఒప్పక లోపటికి పోయి అడిగిన కూడ. అయిపోయింది, గేటు మూయి అన్నరు."

"మంచోనివి సామేలూ. కానీ ఎందుకు చెప్పినవ్?" పరుశురాం ఏలుకున్న వైరు ఇప్పిండు. "నాకు ఇనపడలేదంటె తప్పు నాది. నాదైతే ఇంకోపారి దిద్దుకుంట అనొచ్చు. ఎనిమిదేండ్లు నా సదువు కోసం కూలి చేసి తెచ్చింది భాగ్య. అసలు పిలువనే లేదంటె ఆమెకు ఏం చెప్పాలె? నాకు నేను ఏం చెప్పుకోవాలె?"

లక్ష్మయ్య పొయ్యి మీద పాలు పొంగినయ్, గిన్నె దించిండు.

సామేలు గిలాస పక్కకు పెట్టిండు. "భాగ్యమ్మను గట్లనే అనుకోనియ్యుండ్రి సార్. కావాలంటె నేనొచ్చి చెప్త. నేను పిలిచిన, సారుకే ఇనపడలే అని. ఎన్నిసార్లు పిలిచిననని చెప్పమంటరు? పది? ఇరవై?"

పరుశురాం మొఖం తుడుసుకున్నడు.

"ఒక్కసారి," అన్నడు. "ఒక్కసారి పిలిచిన్రని చెప్పు సామేలూ, చాలు."