గడులమ్మ గీసిన మూడో గడి

ఆ మాత్ర చేతిలో పట్టుకుని మొహం అలా చిట్లిస్తావేమే? కడుపు రాకముందే మాత్రలేంటి తాతయ్యా అంటావు. కూర్చో, చెబుతా. ఆ కుర్చీ కాదే తల్లీ, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. నేను పురుళ్లాసుపత్రిలో గుమస్తాగా చేశానని తెలుసుగా? అక్కడో పెద్ద నర్సమ్మ ఉండేది. చాటుగా మేమంతా గడులమ్మ అనేవాళ్లం. ఎందుకంటావా? పుట్టిన పిల్లల్ని రాసే కొత్త రిజిస్టరు రాగానే ఎర్ర పెన్సిలు, చెక్క స్కేలు పట్టుకుని కూర్చునేది. పైవాళ్లు పంపిన దాంట్లో రెండే గడులు: బిడ్డ బతికిందా, పోయిందా. ఈవిడ పేజీ పేజీకీ మూడోది గీసేది, బిడ్డ ఎలా పుట్టిందని. పెదవి చీలిందా, పాదం వంకరా, ఒళ్లు నీలంగా ఉందా, అన్నీ రాయాల్సిందే. గంట బతికి పోయిన పసిగుడ్డుకైనా సరే. నేను ఊరుకుంటానా! "అడగని దానికి మనకెందుకమ్మా ఈ గొడవ, నా వేళ్లు అరిగిపోతున్నాయి" అనేవాణ్ణి. కళ్లజోడు మీంచి చూసి, "అరగనీ నాయనా, కట్టు నేనే కడతాలే" అనేది. మహా గడుసు మనిషి. టీలో చక్కెర ఓ పలుకు ఎక్కువైనా కప్పు వెనక్కి పంపేసేది... ఆ, ఎక్కడున్నాను?

గడి దగ్గర. మీ అమ్మకంటే ముందు మాకో ఆడపిల్ల పుట్టింది. నీకు పెద్దమ్మ అవుతుంది. వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టింది తల్లీ. పొద్దున పుట్టి సాయంత్రానికి పోయింది. మర్నాడు రిజిస్టరు నా ముందే ఉంది. అందరి పిల్లలకీ చకచకా రాసిన చెయ్యి నా బిడ్డ దగ్గర ఆడలేదు. మూడో గడి ఖాళీగా వదిలేశా, ఎవరు చూస్తారులే అని. ఆవిడ చూసింది. కేకలేస్తుందనుకున్నా. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, మెల్లగా, "అబ్బాయ్, ఇది ఖాళీగా ఉంటే ఈ నెల అలాంటి బిడ్డ పుట్టనేలేదని లెక్క. నీ కూతురు పుట్టింది కదయ్యా" అంది. ఏడ్చాను. ఏడుస్తూనే రాశాను. సిరా అలుక్కుపోయింది. మళ్లీ రాస్తానంటే వద్దంది.

చాలా ఏళ్లకి పైనుంచి ఓ అధికారి వచ్చాడు. ఇలా పుట్టే పిల్లలు ఎందరో అంచనా కట్టాలట, దాన్నిబట్టే మందులూ డాక్టర్లూ ఇస్తారట. వెళ్లిన ప్రతి ఆసుపత్రిలోనూ "అబ్బే, మా దగ్గర అలాంటివి లేవండీ" అన్నారు. అన్నీ సున్నాలే. ఎవరూ లేనిచోటికి డాక్టర్ని ఎందుకు పంపుతారు, చెప్పు? మా రిజిస్టర్లు చూసి నోరు వెళ్లబెట్టాడు. "ఏంటమ్మా, మీ ఊళ్లోనే ఇంతమందా?" అన్నాడు. "అన్నిచోట్లా ఇలాగే పుడతారు బాబూ. మేం రాశాం, అంతే" అంది గడులమ్మ. లోకమంతటికీ లెక్క కట్టేవాళ్ల దాకా వెళ్లాయట మా అంకెలు. తర్వాతే మాకు పసిపిల్లల ఆపరేషన్ డాక్టరు వచ్చాడు, ఈ మాత్రలొచ్చాయి. వెన్ను అలా కాకుండా కాస్తాయట, అందర్నీ కాదనుకో, చాలామందిని. నువ్వు కడుపున పడకముందు మీ అమ్మా మింగింది. గడులమ్మ పోయి ఎన్నేళ్లయిందో, రోజూ తలుచుకుని దణ్ణం పెట్టుకుంటా. ఉంటే "పని చూసుకోవయ్యా" అని కసిరేది.

ఆ రోజు ఆ అధికారి పేజీ మీద వేలు పెట్టి కూడుకుంటూ వస్తున్నాడు. పక్కనే నిలబడ్డాను. వేలు ఆ అలుక్కుపోయిన సిరా దగ్గర ఆగింది. "ఇది చదవడానికి రావట్లేదు, వదిలేద్దామా?" అన్నాడు. "వదలొద్దండీ. అది ఒకటి" అన్నాను.

వేసుకున్నాడు, ఒకటి.

అదిగో, గ్లాసులో నీళ్లున్నాయి. మింగు.